ఆకాశం నుంచి పడని ముక్క

"శ్యాంసుందర్, ఈ నేల ఇంత చదునుగా ఉందేమిటి?"

దమయంతి అడిగింది డీఎస్పీ శ్యాంసుందర్‌ని. అక్కుపల్లి దగ్గర జీడితోటలోని ఆ తాటాకు పాకలోకి ఆమె అడుగుపెట్టడమే అతనికి ఇష్టం లేదు. ఒకప్పుడు సీఐడీలో ఆమె చేతికింద ఎస్సైగా పనిచేశాడు. తర్వాత ఆమె ఉద్యోగం వదిలేసి విశాఖపట్నంలో సొంత డిటెక్టివ్ ఏజెన్సీ పెట్టుకుంది. ఇప్పుడు ఈ కేసుకి అధికారి అతను. ఆమె మాత్రం ఇంకా పేరు పెట్టే పిలుస్తోంది.

"నేలకేమైంది మేడమ్?"

"ఏమీ కాలేదు. అదే అర్థం కావడం లేదు."

గురువారం ఉదయం అక్కుపల్లి పక్క తీరం నుంచి 'వినువీధి స్పేస్' అనే ప్రైవేటు కంపెనీ రాకెట్టు ఎగిరింది. టిక్కెట్టు కొన్నవాళ్లని అంతరిక్షం అంచుదాకా తీసుకెళ్లి దింపడం ఆ కంపెనీ వ్యాపారం. ఆ రోజు పరీక్ష కోసం మనుషులు లేకుండా పంపారు. అదే మధ్యాహ్నం, టెక్కలిలో ఫిజిక్సు లెక్చరర్‌గా రిటైరైన కూర్మనాథం తన తోటలోని ఈ పాకలో శవమై కనిపించాడు. తల పగిలి ఉంది. పక్కన మసిబారిన రాకెట్టు ముక్క. పైన తాటాకు కప్పులో పెద్ద కన్నం. రాకెట్టు శకలం పడి మనిషి చనిపోయాడన్న వార్త విని రాష్ట్రం నిర్ఘాంతపోయింది.

దమయంతిని పిలిపించింది కంపెనీయే. భద్రతా విభాగం చూసే కామేశ్ శుక్రవారం ఫోన్ చేశాడు. మందస వాడినని చెప్పుకున్నాడు. గొంతులో మర్యాద, అలసట. "ముక్క మాదే మేడమ్. తప్పూ మాదే. బయటి మనిషి ఒకరు వచ్చి చూసి, ఇది ప్రమాదమేనని చెబితే చాలు" అన్నాడు. తప్పు మాదేనని తొందరపడి ఒప్పేసుకునే కంపెనీని ఆమె తన సర్వీసులో చూడలేదు. అందుకే ఆదివారమైనా పొద్దున్నే బయల్దేరి వచ్చింది.

"ఈ ముక్కని ఎంతమంది ఎత్తితే లేచింది?" అంది.

"ఇద్దరు కానిస్టేబుళ్లు. అదీ కష్టం మీద."

"అంత బరువు ఆకాశం నుంచి పడితే, పేడతో అలికిన ఈ మట్టినేల మీద గొయ్యి పడాలి కదా?"

"ముందు ఆయన తల మీద పడింది. దాంతో వేగం తగ్గి ఉంటుంది."

దమయంతి అతని వంక చూసింది. "మేఘాల పైనుంచి వచ్చే ఇనుముని ఒక ముసలాయన తల ఆపిందంటావు?"

శ్యాంసుందర్ ముఖం ఎర్రబడింది. "మేడమ్, పోస్టుమార్టం అయింది. తలకి బరువైన దెబ్బ. కన్నం ఉంది, ముక్క ఉంది. ఉదయం రాకెట్టు ఎగరడం ఊరంతా చూసింది. ఇంకేం కావాలి?"

ఆమె బల్ల ఎక్కి నిలబడింది. కన్నం అంచుల్లో విరిగిన ఆకుల్ని వేళ్లతో తడిమింది. తర్వాత కిందికి దిగకుండానే, "నువ్వూ ఎక్కు" అంది.

"నేనెందుకు?"

"ఎక్కు శ్యాం."

అతను చుట్టూ చూశాడు. కానిస్టేబులు బయట జీడిమామిడి నీడలో ఉన్నాడు. టోపీ తీసి బల్ల ఎక్కాడు.

"ఆకుల చివర్లు ఎటు తిరిగి ఉన్నాయి?"

అతను చాలాసేపు చూశాడు. "పైకి" అన్నాడు చివరికి, గొంతు తగ్గించి.

"పైనుంచి బరువు పడితే ఆకు లోపలికి వంగుతుంది. ఇవి బయటికి లేచాయి. ఎవరో లోపల నిలబడి గెడకర్రతో పొడిచారు."

శ్యాంసుందర్ బల్ల దిగాడు. ముక్క దగ్గరికి వెళ్లి నిలబడ్డాడు, అది ఏదో చెబుతుందన్నట్టు. దమయంతి కానిస్టేబుల్ని పిలిచింది. అతనూ శ్యాంసుందరూ కలిసి ముక్కని తిరగేశారు. అడుగున, వంపు తిరిగిన చోట, మసి లేదు. అక్కడ గోరంతేసి తెల్లటి గుల్లలు గుత్తులుగా అతుక్కుని ఉన్నాయి. ఎండిపోయి, కంపు కొడుతున్నాయి.

"ఇవేంటో తెలుసా?"

"సముద్రంలో తేలే దుంగలకి పడతాయి" అన్నాడు కానిస్టేబులు, అడక్కుండానే.

"గురువారం ఉదయం ఎగిరిన రాకెట్టు నుంచి గురువారం ఉదయమే ఊడిపడ్డ ముక్కకి గుల్లలు ఎప్పుడు పట్టాయి?" అంది దమయంతి. "ఇది పాత ముక్క. కిందటి నెల మొదటి ప్రయోగంలో సముద్రంలో పడిపోయింది. వారాల తరబడి నీళ్లలో నానింది. ఎవరో దాన్ని ఒడ్డుకి చేర్చి, మసి పూసి, తెచ్చి ఇక్కడ పెట్టారు. కూర్మనాథం గారిని రాకెట్టు చంపలేదు. మనిషే చంపాడు."

శ్యాంసుందర్ గుమ్మం దాకా వెళ్లి బయటికి తొంగి చూశాడు. అతను చెడ్డ అధికారి కాదని ఆమెకి తెలుసు. తొందరపెట్టే పైవాళ్లకి ఎదురు చెప్పలేని అధికారి.

"మేడమ్, ఈ మాట ఇక్కడితో ఆపండి. ఎమ్మెల్సీ మోహనకృష్ణ గారి మనుషులు కంపెనీ గేటు ముందు ధర్నాలో ఉన్నారు. మత్స్యకారుల ప్రాణాలు పోతున్నాయని ఆయన రోజూ టీవీల్లో మాట్లాడుతున్నారు. కేసు ఇవాళే ముగించమని..."

"ముగించమన్నదెవరు?"

అతను టోపీ పెట్టుకుని బయటికి నడిచాడు.

*

టెక్కలిలో కూర్మనాథం ఇంటి ముందు టెంటు ఇంకా తీయలేదు. ఆయన భార్య రత్నాలమ్మ వెనక వరండాలో ఒంటరిగా కూర్చుని ఉంది. ఏడ్చి ఏడ్చి గొంతు బొంగురుపోయింది.

"మా మాస్టారికి ఆకాశమంటే పిచ్చమ్మా. ఆ ఆకాశమే మీద పడిపోనాదని అందరూ అంతన్నారు. నేనేటనుకోవాల?"

ఈమెకి అబద్ధం చెప్పి నిజం రాబట్టడం దమయంతికి మనసొప్పలేదు. పక్కనే కింద కూర్చుంది.

"అమ్మా, ఆకాశం పడలేదు. మాస్టారిని ఎవరో చంపారు."

రత్నాలమ్మ కాసేపు ఆ మాట తనకి కాదన్నట్టు చూసింది. తర్వాత లేచి, ముందు గదిలో ఉన్న చుట్టాలకి వినపడకుండా తలుపు దగ్గరికి వేసి, గోడకి ఆనుకుని కూర్చుంది.

"అయితే నా మూలానే పోనారు" అంది.

ఆ తర్వాత ఆమె అంతా చెప్పుకొచ్చింది.

వినువీధి కంపెనీ మనుషులతో చేసే తన మొదటి ప్రయాణంలో ఒక సీటు ఉద్దానం పిల్లలకి ఉచితంగా ఇస్తామని పోటీ పెట్టింది. కూర్మనాథం ముగ్గురు న్యాయనిర్ణేతల్లో ఒకరు. ముగ్గురూ ఏకగ్రీవంగా ఎంచుకున్నది అక్కుపల్లి మత్స్యకారుల అమ్మాయి ఉమని. పలాసలో డిగ్రీ చదువుతోంది. ఫలితాల రోజు వేదిక మీద వేరే పేరు చదివారు. ఆ అమ్మాయిది ఇంటిపేరు వేరు, చదువంతా హైదరాబాదులో. మోహనకృష్ణ సొంత చెల్లెలి కూతురని ఇక్కడ నలుగురికి కూడా తెలియదు.

"మోహనకృష్ణ అంటే..."

"ఆ ఎమ్మెల్సీయేనమ్మా. సభలో మెంబర్లు నీతి తప్పితే విచారించే కమిటీకి ఆయనే పెద్దంట. రాకెట్టు కంపెనీకి తీరం భూములు కట్టబెట్టడంలో మంత్రిగారి సొంత లాభం ఉందని ఎవరో ఫిర్యాదు పెట్టినారు. అందులో ఏటీ నేదని ఈయన కొట్టేసినారు. వారం తిరక్కుండా మేనకోడలికి సీటు వచ్చినాది."

"మాస్టారు ఎదురు చెప్పలేదా?"

"పలాస గెస్ట్‌హౌసుకి పిలిపించి బెదిరించినారు. మాస్టారు నోరు మూసుకుని వచ్చేసినారు. తర్వాత ఒకనాడు ఆ ఉమ ఇంటికి వచ్చినాది. సీటు రాకపోయినా నన్ను ఇంతదాకా తెచ్చినారు సారూ అని కాళ్లకి దండం పెట్టి ఎళ్లినాది. ఆ రాత్రి నుంచి మా మాస్టారు ముద్ద ముట్టనేదు. గురువారం పలాసలో ప్రెస్సుని పిలిచి అంతా సెప్పేస్తానన్నారు." రత్నాలమ్మ కొంగు నోట్లో కుక్కుకుంది. "నేనే అన్నానమ్మా. ఎనకాల సెప్తే బాగుండదు, ఆ ఎమ్మెల్సీకి ముందు ఒక మాట సెప్పండని. బుధవారం ఫోన్ సేసి సెప్పినారు. నేను సెప్పమనకపోతే..."

దమయంతి ఆమె చెయ్యి పట్టుకుని కూర్చుంది. ఆమె కుదుటపడ్డాక అడిగింది.

"గురువారం ఉదయం ఆయన తోటకి ఎలా వెళ్లారు?"

"కారు వచ్చినాది. నేను పెరట్లో ఉన్నాను, మనిషిని సూడనేదు. 'మాస్టారూ, పలాసకి నేను దింపుతానండి' అన్న మాట వినపడినాది. మాస్టారు ఎంత సంతోషపడినారో. నా పాత స్టూడెంటు, మందస కుర్రోడు అని సెప్పి ఎక్కినారు. మళ్లీ రానేదు."

మందస. ఆ పేరు ఇంతకుముందు ఎవరి నోట విందో దమయంతికి గుర్తొచ్చింది. తనకి పని అప్పగించినవాడు, "తప్పు మాదే మేడమ్" అన్నవాడు. కాకపోతే మందసలో చదువుకున్న కుర్రాళ్లు వందలమంది ఉంటారు. అనుమానం మీద మనిషిని ఉరితీయకూడదని ఆమే ఒకప్పుడు శ్యాంసుందర్‌కి నేర్పింది.

ముక్క ఎవరి చేతుల్లోంచి వచ్చిందో తెలియాలి. దానికి మళ్లీ అక్కుపల్లే వెళ్లి, ఉమ తండ్రితో మొదలుపెట్టి అక్కడి మత్స్యకారులని అడగాలి.

*

ఉమ తండ్రి బైరాగి పడవ నీడలో కూర్చుని వల బాగుచేసుకుంటున్నాడు. దమయంతి విషయం చెప్పగానే వల పక్కన పెట్టి లేచాడు.

"ఆ ముక్క నాకు తెలుసమ్మా. నా వల్లోనే పడినాది. సేపలనుకుని లాగితే ఆ దెయ్యం పైకొచ్చినాది. వల సగం సిరిగిపోనాది."

"ఎప్పుడు?"

"పదిరోజులవుద్దేమో. రాకెట్టు ముక్కలు దొరికితే మాకు అప్పజెప్పండని కంపెనీవోళ్లు మైకులో సెప్పినారు కదా. అందుకే ఫోన్ సేయించినాను."

దమయంతి అడగబోతుంటే ఇసకలో జీపు ఆగిన చప్పుడైంది. శ్యాంసుందర్ దిగి వచ్చాడు. చూపు ఆమె మీద నిలపలేకపోతున్నాడు.

"మేడమ్, మీరు వెంటనే విశాఖ వెళ్లిపోవాలి. ధర్నా జనాన్ని మీరు రెచ్చగొడుతున్నారని ఫిర్యాదు వచ్చింది."

"ఎవరిచ్చారు?"

"అది మీకు అనవసరం."

"మోహనకృష్ణేనా?"

"మేడమ్, మర్యాదగా చెబుతున్నాను. నాతో జీపెక్కండి."

"ఎక్కుతాను. ఈయన్ని ఒక్క ప్రశ్న అడిగాక. నువ్వు కూడా విను. నచ్చకపోతే నన్ను అరెస్టు చెయ్యి." ఆమె బైరాగి వైపు తిరిగింది. "ఆ ముక్కని ఎవరు పట్టుకెళ్లారు?"

"పెద్దసారే వచ్చినారమ్మా. కామేశ్ సారు. లారీ ఏసుకుని వచ్చి, ఈ ఇసయం ఎవరికీ సెప్పకు, కంపెనీ పరువు పోద్దని అన్నారు. మా ఉమ పక్కనే ఉన్నాది. ఆయనతో ఇంగిలీషులో మాటాడినాది కూడా."

శ్యాంసుందర్ దమయంతి వైపు తిరిగాడు.

"కంపెనీవాళ్లే తమ రాకెట్టు ముక్కతో మనిషిని చంపి, తమ మీదే నేరం వేసుకుంటారా? పిచ్చి కాకపోతే!"

"పిచ్చి కాదు." మాట పైకి వస్తుంటే దమయంతికే భయం వేసింది. "రాకెట్టు కూలి మనిషి చస్తే జనం ఏడుస్తారు, ప్రభుత్వం కొన్నాళ్లు ఎగరొద్దంటుంది, తర్వాత మళ్లీ ఎగురుతుంది. అది ప్రమాదం. క్షమిస్తారు. కానీ నీతి కమిటీ పెద్దకి అంతరిక్షంలో సీటు లంచమిచ్చారని తెలిస్తే? భూములు పోతాయి, కంపెనీ పోతుంది, ఆయన పదవి పోతుంది. మాస్టారు నోరు విప్పడం కంటే రాకెట్టు మనిషిని చంపడమే వాళ్లకి మేలు. గేటు ముందు ఆ ధర్నా కూడా ఇది ప్రమాదమేనని జనాన్ని నమ్మించడానికే. నన్ను పిలిచింది నా సంతకం కోసం. నా పేరుతో ఈ హత్యకి ప్రమాదమని ముద్ర వేయించుకోవడానికి."

సముద్రం మీంచి గాలి విసురుగా కొట్టింది. శ్యాంసుందర్ జీపుకి చెయ్యి ఆనించి నిలబడ్డాడు. "ఒక్కడు మోసే బరువు కాదు అది" అన్నాడు మెల్లగా.

"కాదు. కామేశ్‌తో ఇంకొకరు ఉన్నారు."

బైరాగి వాళ్లిద్దరి ముఖాలూ మార్చి మార్చి చూస్తున్నాడు. మాటల్లో సగం అర్థమయ్యే ఉంటాయి.

"అమ్మా, కామేశ్ సారు మంచోడు కాదంటారేటి? మా గుంటని, మా ఉమని, పొద్దున్నే కంపెనీ కారులో ఆయనే తీసుకెల్లినాడు. పొరపాటైపోనాది, సీటు ఉమకే ఇత్తన్నామని సెప్పినాడు. మా ఆవిడ సందులో అందరికీ బెల్లంముక్కలు పంచినాది."

ముక్క ఎవరు తీసుకెళ్లారో కళ్లారా చూసి, ఆయనతో మాట్లాడిన పిల్ల ఉమ.

"ఉమ నంబరు చెప్పు. తొందరగా!"

రెండోసారి మోగాక ఫోన్ ఎత్తింది. గొంతులో ఉత్సాహం పొంగిపోతోంది.

"ఎవరండీ?"

"నా పేరు దమయంతి అమ్మా. మీ నాన్న పక్కనే ఉన్నాను. నువ్వెక్కడున్నావు?"

"ఇంజన్ కింద ఉన్నాను మేడమ్! నేల మీదే బిగించి మండించి చూస్తారు కదా, ఆ ఇంజన్. ఇంత దగ్గరగా ఎవరూ చూసుండరు. కంపెనీ వాళ్లు నాతో వీడియో తీస్తారట. ఇక్కడే నిలబడమన్నారు."

శ్యాంసుందర్ గబగబా చెప్పాడు. "ఎగరడమే ఆపమన్నారు, నేల మీద ఇంజన్ పరీక్షలు ఆపమనలేదు. ఇవాళ మూడింటికి ఒకటి ఉంది. నాకు నోటీసు ఇచ్చారు." చేతి గడియారం చూసుకున్నాడు. ఇంకా రెండు కూడా కాలేదు.

"ఉమా, జాగ్రత్తగా విను. నవ్వుతూనే ఉండు, ముఖంలో ఏమీ కనిపించనివ్వకు. నీకు దగ్గర్లో తలుపు ఉందా?"

"ఇనప తలుపు ఉన్నాది మేడమ్. తాళం వేసున్నాది. ఏమైంది?"

"కామేశ్ ఎక్కడున్నాడు?"

"ఇక్కడే లోపల, అవతలి మూల ఫోన్లో మాట్లాడుతున్నారు. ఎవరి మీదో అరుస్తున్నారు."

అప్పుడు మోగింది సైరన్. ఫోన్లోనూ, సరుగుడు తోటల అవతల నుంచీ ఒకేసారి వినిపించింది. బైరాగి చెవులు మూసుకుని ఇసకలో మోకాళ్ల మీద కూలిపోయాడు.

"మేడమ్, ఏంటిది? కామేశ్ సారు పరిగెత్తుకొస్తున్నారు. సారూ! మేడమ్, ఆయనేంటి ఏడుస్తున్నారు..."

ఫోన్ తెగిపోయింది.

మరుక్షణం తీరం మొత్తం దద్దరిల్లింది. పడవలు ఊగాయి. సరుగుడు చెట్ల పైన తెల్లటి పొగ గోడలా లేచింది. ఆ గర్జన ఎంతసేపు సాగిందో దమయంతికి తెలియదు. అది ఆగాక కూడా చెవుల్లో వినిపిస్తూనే ఉంది.

"నా తల్లీ!" అని బైరాగి పొలికేక పెట్టాడు.

శ్యాంసుందర్ అతన్ని రెండు చేతులతో లేపి జీపులోకి ఎక్కించాడు. ఆమెని అరెస్టు చేయాలన్న సంగతి మర్చిపోయాడు. "మేడమ్, ఎక్కండి!" అని అరిచాడు.

*

గేటు వైపు వెళ్లలేదు. అక్కడ ధర్నా జనం, లోపల కంపెనీ కాపలా. బైరాగి చూపించిన దారిన జీపు ఇసక మీద పడుతూ లేస్తూ కంచె దాకా వెళ్లింది. ముళ్లకంచె అవతల పొగ ఇంకా విరగలేదు. కాలిన రబ్బరు వాసన.

సరుగుడు మొక్కల మధ్య ఏదో కదిలింది. ముందు చూసినవాడు బైరాగే.

ఉమ పాక్కుంటూ వస్తోంది. చెప్పులు లేవు. జడ చివర కాలి ముద్ద కట్టింది. మోచేతులు దోక్కుపోయాయి. తండ్రిని చూడగానే లేవబోయి పడిపోయింది. బైరాగి కంచె తీగని వట్టి చేతులతో పైకెత్తి, అరచేతుల్లోంచి రక్తం కారుతున్నా వదలకుండా కూతుర్ని ఇవతలికి లాక్కున్నాడు. ఇద్దరూ ఇసకలో ఒకర్నొకరు పట్టుకుని ఉండిపోయారు. దమయంతి నీళ్లసీసా తెచ్చి ఆ పిల్ల నోటికి అందించింది. పళ్లు సీసాకి కొట్టుకుంటున్నాయి.

"కామేశ్ ఏడమ్మా?"

ఉమ తల అడ్డంగా ఊపింది.

"తాళం తీసి నన్ను బయటికి తోసేసినారు మేడమ్. ఆ తలుపు లోపల్నుంచి గడియ పెడితేనే బిగుసుకుంటాది. పెట్టకపోతే మంట నా వెనకే వచ్చేసును. ఆయన లోపలే ఉండిపోయినారు. గడియ పడిన చప్పుడు విన్నాను."

శ్యాంసుందర్ వెనక్కి తిరిగి పొగ వైపు చూశాడు. దమయంతి హంతకుడనుకున్న మనిషి ఒక పిల్లకి అడ్డంగా నిలబడి బూడిదైపోయాడు.

"ఇంకేమన్నా అన్నాడా?"

"తలుపు తీస్తూ అన్నారు. 'మూడింటికని చెప్పినారు, అంతకుముందే నిన్ను బయటికి తీసుకుపోదామనుకున్నాను, నన్ను కూడా కలిపి కాల్చేస్తున్నారు' అని. ఇంకా..." ఉమ వెక్కింది. "మాస్టారిని తోటకి తీసుకెళ్లింది నేనే, కొట్టింది మాత్రం నేను కాదు, రత్నాలమ్మ గారికి చెప్పు అన్నారు."

"కొట్టిందెవరో చెప్పాడా?"

"లేదు మేడమ్. అప్పటికే గర్జన మొదలైపోనాది."

దమయంతి లేచి నిలబడింది. కామేశ్ ఒక్కడే సాక్షి. అతను లేడు. పాకలో దెబ్బ కొట్టిన చెయ్యి ఎవరిదో, పరీక్షని గంటకి పైగా ముందుకి జరిపించిన నోరు ఎవరిదో చెప్పగలిగిన మనిషి ఆ ఇనప తలుపు వెనక ఉన్నాడు. కంపెనీ సాయంత్రానికి ఏం ప్రకటిస్తుందో ఆమెకి అప్పుడే తెలుసు. మరో ప్రమాదం.

శ్యాంసుందర్ ఫోన్ మోగింది. అతను తెర చూసి, ఫోన్‌ని దమయంతికి కనిపించేలా తిప్పాడు. మోహనకృష్ణ. ఆమె పెదవుల మీద వేలు పెట్టి అందర్నీ మాట్లాడొద్దంది. అతను స్పీకరు నొక్కాడు.

"ఏటండీ డీఎస్పీ గారూ, ఎక్కడున్నారు?" గొంతు సావధానంగా ఉంది. "ఆ విశాఖ డిటెక్టివమ్మని పంపించేసినారా?"

"పంపించేశానండి. ఇప్పుడే."

"మంచిది. ఇదిగో, కంపెనీలో ఏదో ఘోరం జరిగిపోనాదట కదా. నాకిప్పుడే తెలిసినాది. పాపం, ఆ కామేశూ, ఆ బెస్తోళ్ల గుంట ఉమా ఇద్దరూ ఇంజన్ కింద ఉండిపోయినారట. బంగారంలాంటి పిల్ల. నేను టీవీవోళ్లతో మాట్లాడతాను, మీరు తొందరపడి ఏటీ సెప్పకండి."

పొగ ఇంకా తగ్గలేదు. ఇంజన్ కింద మనుషులున్నారని కంపెనీ చెప్పలేదు, పోలీసులకి కబురు రాలేదు, గేటు ముందు ధర్నా చేస్తున్న వాళ్లకి సైరన్ ఎందుకు మోగిందో కూడా తెలియదు. ఉమ ఆ చోట నిలబడి ఉందన్న సంగతి ఆమెని అక్కడ నిలబెట్టినవాళ్లకే తెలియాలి.

ఉమ తండ్రి భుజానికి ముఖం అదుముకుని ఊపిరి బిగబట్టింది. ఆమె చావుకి బాధపడుతున్న మనిషి గొంతు ఆమెకి జానెడు దూరంలో, ఫోన్లోంచి వినపడుతోంది.

"హలో, డీఎస్పీ గారూ? వింతన్నారా? ఆ గుంట పోయినట్టేనా?"

శ్యాంసుందర్ ఫోన్ వంక చూశాడు. ఆ గొంతు చెప్పమన్నది చెబుతూ, ముగించమన్నది ముగిస్తూ ఇంతకాలం నడిచిన ఉద్యోగం అతనిది. దమయంతి అతని వంకే చూస్తోంది. ఏ ఒక్క సైగా చేయలేదు. ఈ జవాబు అతను సొంతంగా చెప్పాల్సిందే.

అతను ఉమ కాలిన జడ చివర చూశాడు. బైరాగి అరచేతుల్లోంచి ఇసకలోకి ఇంకుతున్న రక్తం చూశాడు.

"అవునండి" అన్నాడు. "ఇద్దరూ పోయారు. ఎవరూ మిగల్లేదు."

అవతల నిట్టూర్పు వినిపించింది. దుఃఖంతో వచ్చిన నిట్టూర్పు కాదది. మోహనకృష్ణ ఫోన్ పెట్టేశాడు.

శ్యాంసుందర్ ఫోన్ జేబులో పెట్టుకున్నాడు. తర్వాత తన టోపీ తీసి, కాలిన జడ కనపడకుండా ఆ పిల్ల తల మీద పెట్టాడు.

"మేడమ్, చీకటి పడ్డాక జిల్లా దాటించేదాకా ఈ అమ్మాయి బతికున్నట్టు ఈ జిల్లాలో ఎవరికీ తెలియకూడదు" అన్నాడు. "ఎక్కడ దాచిపెడదాం?"